మొండెం గీయడం ఎలా? ముందు ఆ ఆరు ఇడ్లీలు పక్కన పెట్టండి

బొమ్మలు నేర్చుకునే ఏ కుర్రాడి పుస్తకం తెరిచినా ఆంజనేయస్వామి ఉంటాడు. ఆయన పొట్ట మీద ఆరు ఇడ్లీలుంటాయి. ఆరూ ఒకే సైజు, రేకులోంచి తీసి అంటించినట్టు. స్వామి గద ఎత్తి ఒక పక్కకి ఒరిగినా ఇడ్లీలు మాత్రం నిటారుగానే నిలబడి ఉంటాయి. ఈ ఒక్క తప్పు దిద్దీ దిద్దీ నా రబ్బర్లు అరిగిపోయాయి.

కావాల్సినవి: 2బి పెన్సిలు, రబ్బరు, ఏ3 కాగితాలు, అద్దం. పెన్ పెన్సిల్ వద్దే వద్దు. దాంతో తప్పు గీత కూడా ఖచ్చితంగా పడుతుంది, చెరపబుద్ధి కాదు.

కొలత తేలిక. తల ఎత్తునే కొలకర్ర చేసుకోండి. గడ్డం నుంచి చనుమొనల దాకా ఒక తల, అక్కణ్ణుంచి బొడ్డు దాకా ఒకటి, బొడ్డు నుంచి గజ్జల దాకా ఇంకొకటి. మనిషిని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది.

తర్వాత రెండు గట్టి వస్తువులు గీయండి. పైన పక్కటెముకల గూడు. 12 జతల ఎముకలున్నా మనకి అదొక కోడిగుడ్డు, సన్నటి కొస పైకి. పక్కనుంచి చూస్తే దాని పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. కింద తుంటి ఎముకల గిన్నె, అది ముందుకి వాలి ఉంటుంది. ఆ గిన్నె అంచు ఎక్కడో తెలియకపోతే మొలతాడు చూడండి, ఇంచుమించు అక్కడే ఆగుతుంది. నేను ప్రతి బొమ్మకీ ముందు మొలతాడు గీత గీస్తాను. మీరూ గీయాలి.

ఇక అందరూ బోల్తా పడే చోటు, ఆ గుడ్డుకీ గిన్నెకీ మధ్య ఉన్న ఖాళీ. పొట్ట అంటే అదే. దానికంటూ సొంత ఆకారం లేదు, పైదీ కిందదీ ఎటు వాలితే అటు మారుతుంది. చొక్కా తీసి అద్దం ముందు నిలబడి బరువంతా కుడికాలు మీద వెయ్యండి. కుడి తుంటి పైకి లేస్తుంది. కుడి భుజం దిగనివ్వండి. ఇప్పుడు కుడి డొక్కలో చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య వేళ్ళు పెట్టి చూడండి. మామూలుగా నాలుగు వేళ్ళు పట్టే చోట నాకైతే రెండే పడతాయి. ఆ పక్క చర్మం మడత పడుతుంది, ఎడమ పక్క సాగి నున్నగా ఉంటుంది. రెండు పక్కలా ఒకే గీత గీశారా, బొమ్మ చచ్చినట్టే.

ఇప్పుడు మెడ గుంట నుంచి గజ్జల దాకా నడిమి గీత. తొందరపడకండి. రొమ్ము ఎముక వంగదు కాబట్టి దాని మీద గీత తిన్నగా పోవాలి. తుంటి గిన్నె మీదా అంతే. వంపంతా మధ్యలో, పొట్ట దగ్గరే, అదీ సాగిన పక్కకి ఉబ్బి ఉండాలి. చాలామంది మెడ నుంచే పాములా వంకర తిప్పుతారు. అలా గీస్తే లోపల ఎముకలున్నట్టే ఉండదు.

ఆ గీతకి రెండు వైపులా, పక్కటెముకల నుంచి గజ్జల ఎముక దాకా రెండు పొడవాటి కండరపు పట్టీలు దిగుతాయి. సాధారణంగా వాటికి అడ్డంగా మూడు నొక్కులుంటాయి: రొమ్ము ఎముక కొస దగ్గర ఒకటి, బొడ్డు దగ్గర ఒకటి, ఆ రెంటి మధ్య ఇంకొకటి. బొడ్డు కింద ఏమీ గీయకండి, సాధారణంగా అక్కడంతా సాదా. ఒరిగిన ఒంట్లో ఈ నొక్కులు విసనకర్ర మడతల్లా ఉండాలి, నొక్కుకున్న పక్క దగ్గరగా, సాగిన పక్క దూరంగా. పై వరుస పక్కటెముకల మీద కూర్చుంటుంది, కాబట్టి మడత అక్కడ పడదు, బొడ్డు దగ్గర పడుతుంది. కుడి ఎడమలు అచ్చు గుద్దినట్టు ఉండాలని కూడా లేదు.

జిమ్ ఫోటోలు చూసి నేర్చుకుంటామంటారు. ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి తీయించుకున్న ఫోటోలో గుడ్డూ గిన్నే ఎటూ వాలవు. అక్కడ పుట్టినవే ఈ ఇడ్లీలు. బొమ్మలు గీసేవాళ్ళ కోసం దుకాణంలో అమ్మే కీళ్ళ చెక్క బొమ్మా దండగే, దాని నడుములో ఉన్నది ఒక గోళీ. మూటలెత్తే హమాలీలని చూడండి, కాలువలో స్నానం చేసేవాళ్ళని చూడండి. వీలైతే పాలంపేట వెళ్ళి 1213 నాటి రామప్ప గుడిలో మదనికల ముందు, అంటే ఆ ఒరిగి నిలబడ్డ ఆడవాళ్ళ శిల్పాల ముందు, ఒక పూట కూర్చోండి. ఉబ్బిన కండ ఒక్కటీ లేదు, ఒరిగిన నడుముతోనే నల్లరాయి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది.

డొక్కల దగ్గర పక్క కండరాలు పైన పక్కటెముకల మీదున్న కండరాలతో, రెండు చేతుల వేళ్ళు జొనిపినట్టు కలుస్తాయి. అక్కడ మూడు నాలుగు చిన్న గీతలు చాలు. వెలుగు ఒక పక్క నుంచే అనుకుని నీడ వేసేయండి. చివర్లో గుడ్డూ గిన్నే చెరిపేసి మొలతాడు గీత మాత్రం ఉంచండి. ఆంజనేయుడికి ఎలాగూ లంగోటీ కట్టాలి కదా.