గేమింగ్‌కు మంచి బొమ్మ వచ్చే టీవీని ఎంచుకోవడం ఎలా?

షోరూమ్ గోడ మీద వరసగా తగిలించిన టీవీలన్నింటిలో దాదాపు ఒకే రకం వీడియో తిరుగుతుంటుంది. రంగురంగుల చిలకలు, సముద్రం అడుగున చేపలు, రాత్రిపూట మెరిసే నగరం. అందులో ఏ టీవీ అయినా అదిరిపోతుంది. ఎందుకంటే వెలుతురు పూర్తిగా పెంచి, రంగులు చిక్కబడేలా 'వివిడ్' మోడ్‌లో వాటిని పెట్టి ఉంచుతారు. ఇంటికి తెచ్చి పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) తగిలించి గేమ్ మోడ్ (బటన్ నొక్కగానే బొమ్మ కదిలేలా, టీవీ తన మెరుగులు దిద్దే పనుల్ని తగ్గించుకునే సెట్టింగ్) ఆన్ చేశాక ఆ సోకుల్లో చాలావరకు ఆగిపోతాయి. సినిమాకు బాగున్న టీవీ గేముకు చప్పబడేది అక్కడే. కాబట్టి కొనేముందు అడగాల్సింది ఒక్కటే: గేమ్ మోడ్‌లో పెట్టాక ఈ టీవీ బొమ్మ ఎలా ఉంటుంది? కింద చెప్పేవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

1. ముందు మీ మెషీన్ సంగతి తేల్చుకోండి

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కె రిజల్యూషన్‌లో సెకనుకు 120 ఫ్రేముల దాకా పంపగలవు. అలాగని ప్రతి గేమూ 120లో నడవదు. ఎక్కువ గేములు 30 లేదా 60 దగ్గరే ఆగుతాయి. పీఎస్4 అయితే 60 దాటదు. మీ దగ్గర ఉన్నది అదే, ఇప్పట్లో మార్చే ఆలోచన లేదంటే 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే) టీవీకి అదనంగా డబ్బు పోయొద్దు. ఆ డబ్బుతో అదే సైజులో మెరుగైన ప్యానెల్ వస్తుంది. పీసీ తగిలించేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుకు హెచ్‌డీఎంఐ 2.1 (4కె 120ని మోయగల కొత్త రకం పోర్టు) ఉందో లేదో చూసుకోవాలి. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి అది ఉంది.

2. సైజు

సోఫా నుంచి గోడ దాకా టేపు పట్టి కొలవండి. 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడు అడుగులు, 65కు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగుల దూరం హాయిగా ఉంటుంది. మన ఫ్లాట్లలో హాలు పొడుగ్గా ఉన్నా టీవీ గోడ మాత్రం చాలాసార్లు అడ్డంవైపు వస్తుంది, అంటే కూర్చునే దూరం తక్కువే. ఎదురుగా బాల్కనీ తలుపు ఉంటే పగటిపూట దాని ప్రతిబింబం మొత్తం స్క్రీన్‌లో కనబడుతుంది. కర్టెన్ వేయడం కుదరదనుకుంటే బాగా వెలుతురిచ్చే టీవీ కావాలి.

3. 120 హెర్ట్జ్ అంటే ఏ 120?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అట్టపెట్టె మీద '120' అని ఉంటే అది మూడు రకాల్లో ఏదైనా కావచ్చు.

మొదటిది అసలు సిసలు 120 హెర్ట్జ్ ప్యానెల్. స్క్రీనే సెకనుకు 120 సార్లు బొమ్మ మారుస్తుంది. మనకు కావాల్సింది ఇదే. ఇప్పుడు 144 అని రాసినవీ వస్తున్నాయి. కన్సోల్‌కు 120 చాలు, మిగతాది పీసీ వాళ్లకే ఉపయోగం.

రెండోది డీఎల్‌జీ. ప్యానెల్ అసలు వేగం 60 హెర్ట్జే. ఒకేసారి రెండేసి వరసల్ని గీస్తూ 120కి లాక్కొస్తుంది. అందుకు బదులుగా నిలువు రిజల్యూషన్ సగం పోతుంది. కదలిక నున్నగా ఉంటుంది గానీ బొమ్మలో 4కె పదును ఉండదు. తక్కువ ధర టీవీల ప్రకటనల్లో 'గేమ్ బూస్టర్' లాంటి పేరుతో 120 కనబడితే ఇదేనేమో అని అనుమానించండి. పూర్తిగా పనికిరానిదేం కాదు, షూటింగ్ గేములాడే కుర్రాళ్లకు నచ్చుతుంది కూడా. కానీ అసలు 120 ధర పెట్టి దీన్ని కొనకూడదు.

మూడోది మోషన్ రేట్, ఎంఈఎంసీ లాంటి పేర్లతో వచ్చే అంకె. ఇది ఫ్రేముల మధ్య టీవీ తనే ఊహించి కొత్త ఫ్రేములు పుట్టించడం. క్రికెట్ చూడటానికి బాగుంటుంది. గేములో మాత్రం ఆ ఊహించే పనికి టైం పట్టి బటన్ నొక్కిన చాలాసేపటికి బొమ్మ కదులుతుంది.

స్పెసిఫికేషన్ పేజీలో 'నేటివ్ రిఫ్రెష్ రేట్' అన్న మాట వెతకండి. అది లేకుండా ఉత్త 120 అని ఉంటే షాపులో గట్టిగా అడగండి.

120 ప్యానెల్ వల్ల ఇంకో లాభం ఉంది, దీని గురించి షాపుల్లో ఎవరూ చెప్పరు. కొన్ని పీఎస్5 గేముల్లో 40 ఫ్రేముల మోడ్ ఉంటుంది. 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడు, కాబట్టి ప్రతి ఫ్రేమూ సమానంగా నిలబడుతుంది. 60 హెర్ట్జ్ టీవీలో ఆ లెక్క కుదరదు. 30 ఫ్రేముల్లో ఒక్కోటి 33 మిల్లీసెకన్లు, 60లో దాదాపు 17. 40లో 25, అంటే సరిగ్గా మధ్యన. గ్రాఫిక్స్ పెద్దగా తగ్గకుండానే ఆట తేలికవుతుంది. కథ ఉన్న పెద్ద గేములాడేవాళ్లకు నేను 120 టీవీ చెప్పడానికి మొదటి కారణం ఇదే.

4. హెచ్‌డీఎంఐ పోర్టులు లెక్కపెట్టండి

హెచ్‌డీఎంఐ 2.0లో సెకనుకు 18 గిగాబిట్లు, 2.1లో 48 దాకా వెళ్తాయి. 4కె 120 నిండు రంగుల్లో రావాలంటే 18 చాలదు. చిక్కేమిటంటే, నిబంధనల ప్రకారం 2.1లోని ఫీచర్లలో కొన్నే ఉన్నా '2.1' అని రాసుకోవచ్చు. కాబట్టి ఆ అంకె చూసి సంతోషపడకుండా మూడు విషయాలు విడివిడిగా అడగండి: 4కె 120 హెర్ట్జ్ తీసుకుంటుందా, వీఆర్ఆర్ ఉందా, ఏఎల్ఎల్ఎం ఉందా.

ఏఎల్ఎల్ఎం ఉంటే కన్సోల్‌లో గేమ్ మొదలవగానే టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌లోకి మారుతుంది. లేకపోతే రిమోట్‌తో మార్చుకోవాలి, అంతే తేడా.

వీఆర్ఆర్ అంతకన్నా ముఖ్యం. మామూలు టీవీ ఆర్టీసీ బస్సులా టైముకు కదిలిపోతుంది, ఫ్రేమ్ సిద్ధమైనా కాకపోయినా. వీఆర్ఆర్ ఉన్న టీవీ షేర్ ఆటో లాంటిది, ఫ్రేమ్ ఎక్కాకే బయల్దేరుతుంది. అందుకే బాంబులు పేలే సీన్లలో ఫ్రేములు 60 నుంచి 52కి పడిపోయినా బొమ్మ చిరగదు, కుదుపు తెలియదు. పీఎస్5కు ఈ సదుపాయం 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది. అది పనిచేసేది 48 నుంచి 120 ఫ్రేముల మధ్యనే. 30లో నడిచే గేముకు దీనివల్ల ఒరిగేదేం లేదు.

ఇంకో లెక్క. చాలా టీవీల్లో నాలుగు పోర్టులున్నా 4కె 120 తీసుకునేవి రెండే. అందులో ఒకటి ఈఏఆర్‌సీ, అంటే సౌండ్‌బార్ పెట్టేది. సౌండ్‌బార్, పీఎస్5, ఎక్స్‌బాక్స్ మూడూ ఉన్న ఇంట్లో ఏదో ఒకటి వెనక్కి తగ్గాల్సిందే.

5. ఇన్‌పుట్ లాగ్

బటన్ నొక్కినప్పటి నుంచి స్క్రీన్ మీద కనబడేదాకా టీవీ తీసుకునే ఆలస్యం ఇది. 60 హెర్ట్జ్ దగ్గర గేమ్ మోడ్‌లో 10-15 మిల్లీసెకన్లు ఉంటే బ్రహ్మాండం. గేమ్ మోడ్ ఆపేస్తే అదే టీవీ 50, 100 దాటొచ్చు. అట్టపెట్టె మీద రాసే 'రెస్పాన్స్ టైం' ఇది కాదు. అది పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం.

ఈ అంకెను కంపెనీలు సాధారణంగా చెప్పవు. కెనడాకు చెందిన రిటింగ్స్ లాంటి సైట్లు కొలిచి పెడతాయి. వాటిలో చూసేటప్పుడు మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒకే పేరుతో అమెరికాలో అమ్మేదీ మన దగ్గర అమ్మేదీ లోపల వేరుగా ఉండొచ్చు.

6. ప్యానెల్: అసలు బొమ్మ ఇక్కడే

ముందుగా ఒక గందరగోళం తీసేద్దాం. క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ పేర్లు దగ్గరగా ఉన్నా జాతులు వేరు. క్యూఎల్ఈడీ మామూలు ఎల్‌సీడీయే, వెనక లైటు ఉంటుంది, రంగులు బాగుండటానికి క్వాంటమ్ డాట్ పొర అదనం. ఓఎల్ఈడీలో వెనక లైటే ఉండదు, ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, తనే ఆరిపోతుంది.

ఎల్‌సీడీలో రెండు రకాలు. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా) సుమారు 1000:1. చీకటి గదిలో ఆడితే నలుపు బూడిదరంగులో కనబడుతుంది. కానీ పక్క నుంచి చూసినా రంగు మారదు, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కూర్చుని ఆడే ఇంటికి ఇది మేలు. వీఏ ప్యానెల్‌లో కాంట్రాస్ట్ 3000:1 పైనే ఉంటుంది, నలుపు చిక్కగా వస్తుంది. లోపం ఏంటంటే చీకటి సీన్లో కెమెరా తిప్పినప్పుడు నల్లటి వస్తువుల వెనక మసి పూసినట్టు ఒక చార లాగుతుంది. కొందరి కంటికి అది అసలు ఆనదు, కొందరు ఒకసారి చూశాక ఇంక భరించలేరు.

వెనక లైటును భాగాలుగా విడగొట్టి ఎక్కడికక్కడ తగ్గించడాన్ని లోకల్ డిమ్మింగ్ అంటారు. మినీ ఎల్ఈడీ టీవీల్లో (వెనక లైటుగా చిన్న చిన్న ఎల్ఈడీలున్న ఎల్‌సీడీలు) ఈ భాగాలు వందల్లో, ఖరీదైన వాటిలో వేలల్లో ఉంటాయి. బొమ్మకు ఇది చాలా మేలు చేస్తుంది. కానీ కొన్ని టీవీల్లో గేమ్ మోడ్ పెట్టగానే వేగం కోసం ఈ డిమ్మింగ్ మందగిస్తుంది. దాన్ని కనిపెట్టడం సులువు: నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల సబ్‌టైటిల్స్ ఉన్న సీన్ పెట్టండి. అక్షరాల చుట్టూ పొగమంచులా వెలుగు కమ్ముకుందా? గేమ్ మోడ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి రెండుసార్లూ చూడండి. ఆన్ చేసినప్పుడు ఆ వెలుగు బాగా పెరిగితే ఆ టీవీ సినిమాలకు పనికొస్తుంది, రాత్రిపూట హారర్ గేముకు కాదు.

ఓఎల్ఈడీకి ఈ బాధే లేదు. నలుపు అంటే నలుపే, కదలికలో చార లాగడం ఉండదు, గేమ్ మోడ్‌లోనూ కాంట్రాస్ట్ తగ్గదు. బడ్జెట్ అందితే గేమింగ్‌కు నా ఓటు దీనికే. భయం బర్న్-ఇన్ గురించి. స్కోరు, మ్యాప్, హెల్త్ బార్ లాంటివి గంటలకొద్దీ ఒకేచోట ఉంటే వాటి గుర్తు శాశ్వతంగా మిగలొచ్చు. రకరకాల గేములాడేవాళ్లకు అంత టెన్షన్ అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఒకటే గేమ్ రోజూ గంటలతరబడి ఆడేవాళ్లు, పగలంతా అదే టీవీలో కింద స్క్రోలింగ్ పట్టీ తిరిగే న్యూస్ ఛానెల్ పెట్టే ఇల్లు అయితే మినీ ఎల్ఈడీ వైపు వెళ్లడమే మంచిది.

7. హెచ్‌డీఆర్

హెచ్‌డీఆర్ అంటే బాగా వెలుగున్నచోటునీ బాగా చీకటిచోటునీ ఒకే బొమ్మలో స్పష్టంగా చూపించే పద్ధతి. 'హెచ్‌డీఆర్ సపోర్ట్' అని ఇప్పుడు ప్రతి టీవీ మీదా ఉంటుంది. చాలాసార్లు దానర్థం ఆ సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే, చూపించగలదని కాదు. 300 నిట్ల (వెలుతురును కొలిచే లెక్క) వెలుతురుండి, లోకల్ డిమ్మింగ్ లేని టీవీలో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ మామూలుకన్నా వెలవెలబోతుంది. అలాంటప్పుడు ఆపేసి ఆడుకోవడమే నయం. ఎల్‌సీడీ అయితే 600 నిట్లు పైన ఉన్నది చూడండి.

హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ కోసం అదనపు ఖర్చు పెట్టాలా? గేముల్లో అది వచ్చేది ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో. పీఎస్5లో లేదు. శాంసంగ్ టీవీల్లోనూ కనబడదు. పీఎస్5 ఉన్నవాళ్లు గేముల కోసం ఆ లోగో వెతకనక్కర్లేదు.

8. షాపులో ఏం చేయాలి?

డెమో వీడియో ఆపించి, రిమోట్ చేతికి తీసుకుని పిక్చర్ మోడ్‌ను 'గేమ్'కు మార్చండి. సేల్స్‌మన్ మొహమాటపడినా పర్లేదు, డబ్బు మీది. పీఎస్5 డెమో పెట్టిన షోరూమ్ దొరికితే ఇంకా మంచిది. ఒక్క చీకటి సీన్, ఒక్క వేగంగా కెమెరా తిరిగే సీన్ చాలు.

లాగ్ ఎంతో కంటికి తెలియకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వాడండి. సెకనుకు 240 ఫ్రేముల్లో, బొటనవేలూ స్క్రీనూ రెండూ కనబడేలా రికార్డు చేయండి. వేలు బటన్ నొక్కిన ఫ్రేమ్ నుంచి బొమ్మ గెంతిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి, ఒక్కో ఫ్రేమ్ దాదాపు 4 మిల్లీసెకన్లు. వచ్చిన దాంట్లో గేమ్ సొంత ఆలస్యం కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ అంకెనే పట్టుకోకండి. అదే గేముతో రెండు టీవీల్ని పోల్చడానికి మాత్రం ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు.

ధర దగ్గర ఒక్క మాట. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమైంది. అంతకుముందు రివ్యూల్లో చెప్పిన ధరల్ని పట్టుకుని బేరమాడితే మీకే నష్టం.

9. ఇంటికొచ్చాక

చాలా టీవీల్లో 4కె 120 మొదటినుంచీ ఆన్‌లో ఉండదు. పోర్టు సెట్టింగ్‌లో మనమే తెరవాలి. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ డీప్ కలర్', సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్' అని ఉంటుంది. కేబుల్ పీఎస్5 పెట్టెలో వచ్చిందే వాడండి. పాత సెట్‌టాప్ బాక్స్ కేబుల్ తగిలించి 120 రావట్లేదని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసేవాళ్లు బోలెడంతమంది.

తర్వాత టీవీ నిజం చెబుతోందో లేదో కన్సోల్‌నే అడగండి. ఎక్స్‌బాక్స్‌లో టీవీ, డిస్‌ప్లే ఆప్షన్లలో '4కె టీవీ డీటెయిల్స్' తెరిస్తే ఏవి పనిచేస్తాయో టిక్కులతో చూపిస్తుంది. పీఎస్5లో 'స్క్రీన్ అండ్ వీడియో' కింద వీడియో అవుట్‌పుట్ సమాచారం ఉంటుంది. హెచ్‌డీఆర్ సర్దుబాటులో గుర్తు కనబడీ కనబడనట్టు ఉన్నచోట ఆపాలి. టీవీలో టోన్ మ్యాపింగ్‌కు (హెచ్‌డీఆర్ వెలుగును టీవీ తన శక్తికి తగ్గట్టు సర్దుకోవడం) 'హెచ్‌జీఐజీ' అనే ఆప్షన్ ఉంటే దాన్ని ఎంచుకున్నాకే ఈ పని చేయండి.

ఆఖరున ఫోన్ నుంచి పూర్తి తెలుపు, పూర్తి బూడిద రంగు బొమ్మల్ని టీవీలో వేసి చచ్చిన పిక్సెళ్లు, మరకలు, అంచుల్లో వెలుగు కారడం చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే మార్చుకునే గడువు చాలా తక్కువ, తరచూ వారం పది రోజులే. ఇన్‌స్టలేషన్‌కు మనిషి వచ్చేసరికే అందులో కొన్ని రోజులు పోతాయి కాబట్టి ఈ పరీక్షలన్నీ అతను ఉండగానే చేయించి, గడువు ముగిసేదాకా అట్టపెట్టె, థర్మకోల్ పారేయకుండా అటక మీద ఉంచండి.