సొంతంగా ఉద్యోగ వేట – నాలుగో పాఠం: జవాబు రాని సందేశాలు

ఈ పాఠంలో జీతం బేరమాడడం గురించి చెబుతానన్నాను. అది వచ్చేసారికి వాయిదా. మూడో పాఠం చివర ‘పరిచయస్తులకు రాయండి’ అన్నాను, మీరు రాశారు. ఆ సందేశాల నకళ్లు చూశాక జీతం మాట ఎత్తే పరిస్థితి ఇంకా రాలేదని తెలిసింది. దాదాపు అందరి ఫిర్యాదూ ఒకటే: పంపాం, చూశారు, జవాబు లేదు. కొందరైతే పదవి రాగానే ఎదుటివారి కళ్లు నెత్తికెక్కాయని తీర్మానం కూడా చేసేశారు. అంత తొందర వద్దు. ముందు మీరు పంపినది చూద్దాం. చాలావరకు ఈ వరసే:

‘నమస్కారం సార్, బాగున్నారా? ప్రస్తుతం ఉద్యోగం కోసం చూస్తున్నాను. మీ కంపెనీలో ఏదైనా ఖాళీ ఉంటే చెప్పగలరు. రెజ్యూమె జతచేశాను. మీ మేలు మరచిపోను.’

మర్యాద ఉంది, తప్పుల్లేవు. కానీ అందుకున్నాయన దీనికి జవాబు రాయాలంటే ఎంత పనో లెక్కపెట్టండి. జతచేసిన ఫైలు తెరిచి మీరు ఏ పని చేస్తారో తెలుసుకోవాలి. అది తమ సంస్థలో ఏ విభాగానికి సరిపోతుందో ఊహించాలి. ఆ విభాగంలో ఎవరిని అడగాలో గుర్తు చేసుకోవాలి. మీ గురించి తన నోటితో చెబితే రేపు తన మాట నిలుస్తుందా అని ఆలోచించాలి. ఇంతా చేసి ఖాళీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. తెలిసినవారికి ‘లేదు’ అని రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. సాయంత్రం తీరిగ్గా రాద్దామని పక్కన పెడతారు. ఆ సాయంత్రం రాదు. మీకు కనిపించిన మౌనం వెనక చాలాసార్లు ఉండేది గర్వం కాదు, ఇదీ.

‘ఏ పనైనా పర్వాలేదు’ అని ఇంకో వాక్యం చేర్చినవారి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. వినయం అనుకుని రాశారు, తెలుసు. కానీ మీకు ఏ పని సరిపోతుందో తేల్చే బరువును మొత్తం ఎదుటివారి నెత్తిన పెట్టారు. మీ వేటకు మీరే యజమాని అని మొదటి పాఠం నుంచీ చెబుతున్నాను. ఏం కావాలో తేల్చుకోవడం ఆ యజమాని చేయాల్సిన మొదటి పని. పైగా ఏ పనైనా చేస్తానన్నవారిని ఏ ఖాళీ వచ్చినప్పుడూ ఎవరూ గుర్తు చేసుకోరు. ‘గోదాము లెక్కలు చూసే అమ్మాయి ఒకరు అడిగారు’ అని ఏ ఖాళీ గురించి విన్నప్పుడో తట్టాలి. మనసులో నిలవడానికి ఒక పట్టు కావాలి కదా.

పై సందేశం పంపినావిడ అనుమతితోనే దాన్ని తిరగరాశాను:

‘నమస్కారం సార్. మీ స్టాకు లెక్కలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చినప్పుడు బిల్లింగ్ వైపు నుంచి ఫైళ్లు సరిచూసింది నేనే. అప్పటినుంచీ గోదాము లెక్కలే చూస్తున్నాను. ఇప్పుడు సరఫరా ప్రణాళిక వైపు మారాలని ఉంది. ఆ పనికి మనిషిని తీసుకునేటప్పుడు మీ దగ్గర ముందు ఏం చూస్తారు, ఎక్సెల్‌లో నైపుణ్యమా, ఈఆర్‌పీ అనుభవమా? రెండు ముక్కల్లో చెప్పినా చాలు.’

(ఈఆర్‌పీ అంటే సంస్థ లెక్కలన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్.) ఇందులో ఉద్యోగం అడగలేదు, ఫైలు జతచేయలేదు. తానెవరో గుర్తు చేసింది, ఎటు వెళ్లాలనుకుంటోందో చెప్పింది, ఆయన దేన్నీ వెతక్కుండా కూర్చున్నచోటే చెప్పగల ప్రశ్న ఒకటి వేసింది. రెండు దారులు చూపించి ఏది అని అడగడం నా పాత అలవాటు. ‘ఏమంటారు?’ అంటే ఆలోచించాలి, ‘ఇదా, అదా?’ అంటే వేలు చూపిస్తే సరిపోతుంది. నాణ్యతా విభాగానికి మారాలనుకునే నర్సు అయితే ‘వార్డు అనుభవం సరిపోతుందా, ఆడిట్ శిక్షణ కూడా అడుగుతారా?’ అనవచ్చు. పాఠ్యపుస్తకాల పని వైపు చూస్తున్న టీచరు ‘నమూనా పాఠం ఒకటి అడుగుతారా, బోధన అనుభవం చూస్తారా?’ అనవచ్చు. మిగతా వృత్తులవారు మీ ప్రశ్న మీరే అల్లుకోండి. వాయిస్ మెసేజ్ మాత్రం పంపకండి. నాకే వినబుద్ధి కాదు, పని మధ్యలో ఉన్నవారు ఎందుకు వింటారు?

‘దగ్గరివాళ్లు ఉండగా ఎప్పుడో కలిసినవాళ్లకు ఎందుకు రాయాలి?’ అని కూడా అడిగారు. దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు మీకూ ఎలాగూ తెలుస్తాయి. కొత్త కబురు మీరు మసలని చోటు నుంచి రావాలి. అమెరికాలో బోస్టన్ పక్కన ఉన్న న్యూటన్‌లో, పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఒక ప్రశ్న అడిగారు: కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? వారానికి కనీసం రెండుసార్లు అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం. ఏడాదికి ఒకసారి లేదా అంతకన్నా తక్కువ అన్నవారు 27.8 శాతం. ఆయన దీన్ని 1973లో ప్రచురించారు. ఈ లెక్కలోకి వచ్చింది 54 మందే కాబట్టి కొట్టిపారేద్దామా అంటే, లింక్‌డిన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యులపై ఐదేళ్లపాటు జరిపిన ప్రయోగాల ఫలితం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అది ఒక సవరణ చేర్చింది: ఉద్యోగం మారడానికి ఎక్కువగా పనికొచ్చినవి మరీ ముఖపరిచయాలూ కావు, దగ్గరి స్నేహాలూ కావు, ఆ రెండింటికీ మధ్యలో ఉన్న పలచని పరిచయాలు. అంటే ఒకప్పుడు కలిసి పనిచేసి, ఇప్పుడు వేరే చోట ఉన్నవారు. బస్సులో ఒకసారి మాట కలిపిన మనిషికి రాయమని నేను చెప్పలేదు.

జవాబు వచ్చాక ఏం చేయాలో టూకీగా చెబుతాను. వెంటనే కృతజ్ఞత చెప్పండి, అక్కడితో ఆగండి. వారు చెప్పినదాన్ని చేయండి. చేశాక ‘మీరు చెప్పిన కోర్సు పూర్తిచేశాను, ఫలానా రిపోర్టు తయారుచేయడానికి వాడాను’ అని ఒక వాక్యం రాయండి. ఎక్కువమంది ఈ రెండో సందేశం పంపరు, పంపినవారు గుర్తుండిపోతారు. ఆ తర్వాత ఆ సంస్థలో నిజంగా ఒక ప్రకటన వస్తే, దాని లింకుతో సహా సిఫారసు అడగండి. రెజ్యూమె అప్పుడు జతచేయండి. వారు యథాతథంగా ముందుకు పంపగలిగేలా మీ గురించి మూడు వాక్యాలు కూడా మీరే రాసివ్వండి. ‘కష్టపడే మనస్తత్వం’ లాంటివి అందులో వద్దు. ఏం చేశారో, దానివల్ల ఏం మారిందో రాయండి. రెండో పాఠంలో రాసుకున్న పనుల చిట్టాలోంచి తీసుకోండి.

ఉద్యోగంలో ఉండి ఎదగాలనుకునేవారూ ఇదే పద్ధతిలో పక్క విభాగంవారికి రాయవచ్చు. అక్కడ ముందుగా మీ పై అధికారి చెవిన వేయాలా వద్దా అన్నది మీ ఆఫీసు వాతావరణాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

అభ్యాసం ఈసారి కాస్త బరువైనదే. ఫోను తెరవకుండా, గతంలో మీతో పనిచేసి ఇప్పుడు వేరే చోట ఉన్న పది మంది పేర్లు కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కనా మీరిద్దరూ కలిసి చేసిన పని ఒకటి, ఒకే వాక్యంలో రాయండి. ‘కలిసి పనిచేశాం’ అంటే కుదరదు, ఏ పనో ఉండాలి. వాక్యం తట్టని పేర్లు కొట్టేయండి. మిగిలినవారిలో ఇద్దరికే సందేశం రాయండి. ‘ఉద్యోగం’, ‘ఖాళీ’, ‘సాయం’ అనే మూడు మాటలూ అందులో ఉండకూడదు. రాసినదాన్ని రాత్రంతా పక్కన పెట్టి, పొద్దున చదివి, సగానికి తగ్గించి పంపండి. పది రోజులు చూశాక జవాబు రాకపోతే ఒక్కసారి, ఒక్క వాక్యంలో గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఆ పేరు వదిలి జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లండి. జీతం పాఠానికి వచ్చేటప్పుడు వచ్చిన జవాబులతో పాటు జవాబు రాని సందేశాలు కూడా నాకు పంపండి.