అప్పు తీరుస్తుండగా అనుకోని ఖర్చు: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

మీరు ఇప్పటికే ఖర్చుల లెక్క రాస్తున్నారనుకుందాం. అప్పుల జాబితా ఉంది. ఏ అప్పుకు వడ్డీ ఎంతో, గడువు తేదీ ఏదో తెలుసు. అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

లెక్క చూడమని నా దగ్గరికి వచ్చే బంధువులూ స్నేహితులూ దాదాపు అందరూ ఒకటే మాట అంటారు: "అంతా బాగానే సాగుతోంది, ఇంతలో ఏదో ఒకటి వచ్చి పడుతోంది." ఆ "ఏదో ఒకటి" ఏంటో ఆరా తీయకుండానే, బడ్జెట్ మనకు అచ్చిరాదని వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. తప్పు ఉండే చోట్లు కొన్నే.

లక్షణం: ప్రతి నెలా ఏదో ఒక "అనుకోని" ఖర్చు

ముందు ఈ ఒక్క పని చేయండి. ఎన్నిసార్లు చెప్పినా జనం దాటేసేది ఇదే. గత 12 నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తెరిచి, నెలనెలా రాని ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయండి. బీమా ప్రీమియం, బండి సర్వీసింగ్, ఫీజులు, పన్ను, కళ్లద్దాలు, పగిలిన ఫోన్ స్క్రీన్, ప్రయాణాలు. ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది వస్తుందని నాకు తెలుసా? ఏ రోజు వస్తుందో తెలియక్కర్లేదు, వస్తుందని తెలిస్తే చాలు.

నేను చూసిన కాగితాల్లో ఎక్కువ వరుసలకు జవాబు "తెలుసు". బండికి సర్వీసింగ్ వస్తుందని తెలియనివాళ్లు ఎవరుంటారు?

ఒక లెక్క చూడండి. ప్రీమియం 12,000, బండి 6,000, ఫీజులు 18,000, ఇంట్లో మరమ్మతులు 9,000, ప్రయాణాలు, కానుకలు 9,000. కూడితే 54,000, అంటే నెలకు 4,500. బడ్జెట్‌లో దీనికంటూ ఒక గడి లేదు. అందుకే అది ఒక్కో నెల ఒక్కో వేషంలో వచ్చి, అప్పు కట్టాల్సిన డబ్బును ఎత్తుకుపోతోంది.

పరిష్కారం తేలికే. ఆ 4,500ను జీతం పడ్డ రోజే వేరే ఖాతాలోకి మళ్లించండి. రోజువారీ ఖర్చుల ఖాతాలో మాత్రం ఉంచొద్దు. అక్కడ కనిపిస్తే ఖర్చయిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అన్నిటినీ కళ్లు మూసుకుని 12తో భాగిస్తారు. ప్రీమియం ఇంకో మూడు నెలల్లోనే కట్టాలనుకోండి, నెలకు 1,000 పక్కన పెడితే గడువుకు 3,000 మాత్రమే ఉంటుంది, మిగతా 9,000కి మళ్లీ చేబదులే. మొదటి విడత మిగిలిన నెలలతో భాగించాలి, అంటే నెలకు 4,000. 12తో భాగించడం ఆ తర్వాతి విడత నుంచి. అందుకే మొదటి ఏడాది కాస్త బరువుగా ఉంటుంది. ఆ కొన్ని నెలలు అప్పు మీద అదనంగా కట్టేది తగ్గించండి. అందులో తప్పేమీ లేదు.

ఈ పని చేశాక కూడా దెబ్బలు తగులుతుంటే అప్పుడు కిందకు రండి.

లక్షణం: అప్పు మీద గట్టిగా కడుతున్నాం, అయినా చిన్న ఖర్చుకే వాయిదా తప్పుతోంది

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఇది బాధ్యత లేనివాళ్లకు వచ్చే జబ్బు కాదు. అప్పంటే భయం ఉన్నవాళ్లకే, త్వరగా వదిలించుకోవాలన్న తపన ఉన్నవాళ్లకే వస్తుంది. నాకూ వచ్చింది.

అప్పటికి నా అప్పులో 3,00,000 మిగిలింది. వడ్డీ ఏడాదికి 12 శాతం, నెల వాయిదా 9,000. చేతికి ఒకేసారి 80,000 వచ్చింది. ఒక్క రోజు కూడా ఆలోచించకుండా మొత్తం అప్పుకే కట్టేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. పదకొండో రోజున పనికి వెళ్లే బండి ఆగిపోయింది, మరమ్మతుకు 22,000 అన్నారు. బండి లేకపోతే పని లేదు. ఖాతాలో ఉన్నది దాదాపు ఊడ్చి ఇచ్చాను. ఇంకో నాలుగు రోజులకు పొద్దున్నే ఫోన్‌కు సందేశం: తగినంత నిల్వ లేనందున మీ వాయిదా తిరస్కరించబడింది. ఖాతాలో 6,300 ఉంది.

"మొన్ననే 80,000 కట్టాను కదండీ, ఈ నెల వాయిదా అందులోంచి తీసుకోవచ్చు కదా" అని ఫోన్ చేసి అడిగాను. "అది అసలులో జమైందండీ, ఈ నెల వాయిదా వేరు" అన్నారు. వాళ్ల తప్పు లేదు. అడగకుండా కట్టింది నేను. వాయిదా తిరస్కరణకు నా బ్యాంకు ఒక జరిమానా, ఆలస్యానికి అప్పిచ్చినవాళ్లు మరో జరిమానా వేశారు. పరపతి నివేదికలో (క్రెడిట్ రిపోర్టులో) ఆలస్యం నమోదైంది. గండం గట్టెక్కడానికి కార్డు మీద నగదు తీశాను, దానికి తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము. 12 శాతం అప్పు తగ్గించాలన్న తొందరలో అంతకు మూడింతల వడ్డీ అప్పు తెచ్చుకున్నాను.

కారణం ఒక్క ముక్కలో: నెలవారీ వాయిదాల అప్పుకు ముందుగా కట్టిన డబ్బు, మీరు వేరే ఏర్పాటు కోరకపోతే, సాధారణంగా గడువును తగ్గిస్తుంది. వచ్చే నెల వాయిదాను తగ్గించదు. నా విషయంలో 41 వాయిదాలు 29కి దిగాయి. నిజమైన లాభమే, కానీ అది చేతికందేది రెండేళ్ల తర్వాత. వచ్చే నెల మాత్రం 9,000 అలాగే నిలబడి ఉంటుంది. కట్టిన డబ్బును వెనక్కి అడిగే వీలూ మామూలుగా ఉండదు. పొదుపు ఖాతాలో ఉన్న 80,000 నా మాట వింటుంది, అప్పులో కలిసిన 80,000 వినదు. ఈ తేడా వాయిదా తిరిగి వచ్చేదాకా నాకు తట్టలేదు.

పరిష్కారంలో మొదటిది, ఊడ్చి కట్టకండి. చేతిలో ఎంత ఉంచుకోవాలంటే నేను చెప్పే కొలత ఇది: ఒక నెలలో తప్పనిసరిగా పోయే వాయిదాలూ అద్దె వంటివన్నీ, వాటితో పాటు మీ ఇంట్లో వచ్చే అవకాశమున్న మరమ్మతుల్లో పెద్దది ఒకటి. ఆరు నెలల జీతం దాచమనే సలహా అప్పులు తీరాక పాటించండి. అప్పుల్లో ఉన్నవాళ్లు దానికి కూర్చుంటే ఈలోపు వడ్డీ తడిసి మోపెడవుతుంది.

"దాచిన డబ్బుకు వడ్డీ నష్టం కదా" అని అడుగుతారు. నష్టమే, లెక్క వేద్దాం. నేను 80,000లో సగం కట్టి, 40,000 ఉంచుకుని ఉంటే నెలకు 400 వడ్డీ అదనంగా పోయేది. వాయిదాలు 29కి బదులు 35 ఉండేవి. అంతే. ఆ 40,000 చేతిలో ఉంటే బండికి 22,000 ఇచ్చి, 9,000 వాయిదా కట్టి, ఇంకా 9,000 మిగిలేది. కార్డు జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

రెండోది ఎప్పుడు కట్టాలన్నది. వాయిదా కోత పడిన మర్నాడు అదనపు సొమ్ము కట్టండి, ముందు రోజు కాదు. అప్పుడు తర్వాతి వాయిదాకు దాదాపు నెల ఊపిరి ఉంటుంది. నేను కట్టింది వాయిదాకు పదిహేను రోజుల ముందు. కట్టేటప్పుడు ఈ సొమ్మును అసలులో వేస్తారా, రాబోయే వాయిదాల కింద జమ పెడతారా అన్నది రాతపూర్వకంగా అడగండి. అందరూ ఒకేలా చేయరు. ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

మూడోది చాలామందికి తట్టనిది, నాకు ఇన్నేళ్లలో అన్నిటికంటే పనికొచ్చింది. పెద్ద మొత్తం కడితే గడువుకు బదులు వాయిదా తగ్గించమని అడగొచ్చేమో కనుక్కోండి. నా లెక్కలో 80,000 కట్టి గడువు అలాగే ఉంచితే 9,000 వాయిదా సుమారు 6,600 అవుతుంది. "అయ్యో, గడువు తగ్గిస్తేనే వడ్డీ మిగులుతుంది కదా" అంటారు. నిజమే, మీరు 6,600 మాత్రమే కడుతూ పోతే. కానీ నెలనెలా అదనంగా కట్టుకోనిస్తారు, దానికి రుసుము లేదు అనుకోండి. అప్పుడు పాత అలవాటు ప్రకారం 9,000 కడుతూనే ఉండండి. అప్పు దాదాపు అదే 29 నెలల్లో తీరిపోతుంది. తేడా ఎక్కడంటే, బండి ఆగిపోయిన నెలలో మీరు కట్టి తీరాల్సింది 6,600 మాత్రమే. మిగతా 2,400 ఆ నెలకు మీది.

ఇదంతా వాయిదాల అప్పుల సంగతి. కార్డు బాకీ కాస్త వేరు. కార్డుకు కట్టేసి, అవసరమైతే మళ్లీ దాన్నే గీకొచ్చు కదా అంటే, వట్టి లెక్క ప్రకారం అది సరైనదే. వడ్డీ అంత ఎక్కువ కాబట్టి కార్డు బాకీ ఉన్నవాళ్లు చేతిలో ఉంచుకునేది కొంచెం తక్కువైనా ఒప్పుకుంటాను. అసలు లేకుండా మాత్రం వద్దు. కార్డు పరిమితిని వాళ్లు ఎప్పుడైనా తగ్గించొచ్చు. అన్నిచోట్లా కార్డు తీసుకోరు, నగదు తీస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

లక్షణం: కార్డుకు నెలనెలా కడుతున్నా బాకీ కదలడం లేదు

తీరుస్తున్న కార్డునే వాడుతున్నారేమో చూడండి. బాకీ 60,000, వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం. మీరు 10,000 కట్టారు. అందులో 1,800 వడ్డీకే పోయింది, 8,200 తగ్గింది. అదే నెలలో "అనుకోని" ఖర్చని 7,000 గీకారు. నికరంగా తగ్గింది 1,200. పైగా గడువులోగా మొత్తం కట్టేవారికి ఇచ్చే వడ్డీ లేని రోజులు, బాకీ మోసేవారికి చాలా కార్డుల్లో ఉండవు. ఆ 7,000కి కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. "వచ్చే నెల బిల్లులో కట్టేస్తాలే" అన్న ధీమా బాకీ లేని రోజుల్లో చెల్లింది, ఇప్పుడు చెల్లదు.

తీరుస్తున్న కార్డును వాడకం నుంచి పూర్తిగా తప్పించండి. యాప్‌లలో దాచిన కార్డు వివరాలు చెరిపేయండి. నెలనెలా దానికదే కోత పడే చందాలను వేరే ఖాతాకు మార్చండి. ఈ చందాల సంగతి మరిచిపోతారు, కార్డు బీరువాలో ఉన్నా అవి గీకుతూనే ఉంటాయి.

లక్షణం: ఖర్చు ఇప్పుడే వచ్చి పడింది, చేతిలో ఏమీ లేదు

ముందు ఆ ఖర్చు ఈరోజే జరగాలా, ఈ నెలలో జరిగితే చాలా అన్నది తేల్చండి. వైద్యం ఆగదు, కానీ ఫ్రిజ్ నాలుగు రోజులు ఆగుతుంది. బిల్లు ఇచ్చినవాళ్లను విడతలుగా కట్టొచ్చా అని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడి అధిక వడ్డీకి అప్పు తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

తర్వాత అప్పుల మీద అదనంగా కడుతున్నదంతా ఈ నెలకు ఆపేయండి. తప్పనిసరి వాయిదాలూ కార్డుల కనీస మొత్తాలూ మాత్రం ఆపకండి. అవి కూడా కట్టలేరని తెలిస్తే గడువు తేదీకి ముందే ఫోన్ చేయండి. గడువు దాటాక చెప్పడం చావుకబురు చల్లగా చెప్పడమే. అప్పటికి జరిమానా పడిపోతుంది, వాళ్లు చేయగలిగింది తగ్గిపోతుంది. ముందే అడిగితే తేదీ మార్చడమో, వాయిదాను కొంత సర్దడమో చేసే అవకాశం ఉంటుంది. దానికి వడ్డీ ఎంత పడుతుందో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.

గండం దాటిన తర్వాతి నెల అదనపు డబ్బును నేరుగా అప్పుకు పంపకండి. చేతి నిల్వ మళ్లీ పాత మట్టానికి వచ్చేదాకా అదంతా అక్కడికే వెళ్లాలి. ఈ వరుస తప్పినవాళ్లకే రెండో దెబ్బ తగులుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటాం చూడండి, అలా.

అరుదైనవి

వడ్డీ తప్పుగా లెక్కగట్టారేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. నేను చూసినంతలో దాదాపు ఎప్పుడూ కాదు, స్టేట్‌మెంట్ అడిగి ఒకసారి సరిచూసుకుంటే తేలిపోతుంది. వడ్డీ రేటు మారే అప్పయితే రేటు పెరిగి ఉండొచ్చు, ఆ సమాచారం సాధారణంగా మీ మెయిల్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఇంకొకరికి తెలియని అప్పు ఉంటే అది లెక్కల సమస్య కాదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ఇక వచ్చేదే తప్పనిసరి ఖర్చులకు చాలకపోతే పైవేవీ పనిచేయవు. అప్పిచ్చినవాళ్లతో వాయిదాలు కొత్తగా కుదుర్చుకునే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.