పాత డచ్ మోర్గెన్‌ని ఎకరాల్లోకి మారిస్తే లెక్క కుదరట్లేదా? ఇవి చెక్ చేస్కోండి

సౌత్ ఆఫ్రికాలో పాత పొలం కాగితాలు చూస్తే విస్తీర్ణం మోర్గెన్లలో ఉంటుంది, 1970ల్లో హెక్టార్లు వచ్చేదాకా అదే నడిచింది. డచ్‌లో మోర్గెన్ అంటే ఉదయం, ఒక పూటలో అరక దున్నగలిగే నేల అన్నమాట. గూగుల్‌లో కొడితే ఒక నంబర్ వస్తుంది, దాంతో గుణించేసి అయిపోయిందనుకుంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే మోర్గెన్ ఒకటి కాదు. ఏ దేశం కాగితం, ఏ సంవత్సరంది, ఈ రెండూ తేల్చకుండా కాలిక్యులేటర్ తియ్యొద్దు.

ఎకరాలు మరీ ఎక్కువ వచ్చేస్తున్నాయి

డర్బన్ వైపు మనవాళ్ళకి ఇది బాగా ఎదురవుతుంది. 1860 నుంచి చెరుకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు స్థిరపడింది ఎక్కువగా నాటాల్‌లోనే కదా, అక్కడి కాగితాల్లో ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లు ఉంటాయి, అది ఇంగ్లీష్ పద్ధతి, అందులో రూడ్ అంటే పావు ఎకరం. అదే అలవాటుతో ట్రాన్స్‌వాల్ (సౌత్ ఆఫ్రికా ఉత్తర భాగం) పాత డీడ్ చదివితే కొంప మునుగుతుంది. నాకు తెలిసిన వాళ్ళు తెచ్చిన జిరాక్స్‌లో 12 మోర్గెన్ 347 స్క్వేర్ రూడ్లు అని ఉంది, వాళ్ళు 347ని నాలుగుతో భాగించి, 12 మోర్గెన్ల ఎకరాలకి కలిపి మొత్తం 112 ఎకరాలు అని రాసుకొచ్చారు. ఇక్కడ స్క్వేర్ రూడ్ అంటే కేప్ (సౌత్ ఆఫ్రికాలో డచ్ వాళ్ళ పాత కాలనీ) రూడ్, 12 కేప్ అడుగుల పొడవు, 12 కేప్ అడుగుల వెడల్పు. మన అడుగుల్లో 153.66 చదరపు అడుగులే, అంటే దాదాపు 17 గజాలు. పేరు ఒకటే గానీ సైజులో 70 రెట్లు తేడా.

పరిష్కారం: మోర్గెన్ పక్కన రూడ్ కనిపిస్తే అది పావు ఎకరం కానే కాదు. 600 స్క్వేర్ రూడ్లు ఒక మోర్గెన్.

ఒక అర ఎకరం తగ్గింది

అదే కాగితాన్ని ఇంకొకరు 12.347 మోర్గెన్ అని టైప్ చేశారు, 26.13 ఎకరాలు వచ్చింది. మనం 3 ఎకరాల 25 సెంట్లని 3.25 అని రాస్తాం, వంద సెంట్లు ఎకరం కాబట్టి సరిపోతుంది. ఇక్కడ వంద కాదు, 600. 347ని 600తో భాగిస్తే 0.5783, మొత్తం 12.5783 మోర్గెన్, ఒక కేప్ మోర్గెన్ 2.11654 ఎకరాలు కాబట్టి దాంతో గుణిస్తే 26.62 ఎకరాలు. తేడా 49 సెంట్లు, ఊరి పక్క పొలమైతే చిన్న విషయమా! ఇంకా చివర్లో స్క్వేర్ ఫీట్ కూడా ఉంటే ముందు వాటిని 144తో భాగించి రూడ్లకి కలపాలి.

దగ్గరగానే ఉంది కానీ హెక్టార్లతో సరిపోవట్లేదు

కారణం దాదాపు ఎప్పుడూ రైన్‌లాండ్ మోర్గెనే. నెదర్లాండ్స్‌లో వాడిన రైన్‌లాండ్ మోర్గెన్ సుమారు 8516 చదరపు మీటర్లు, 2.104 ఎకరాలు. కేప్ మోర్గెన్ 8565.32 చదరపు మీటర్లు. వంద మోర్గెన్ల ఫార్మ్ అయితే ఎకరం పైనే తేడా పడుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ మోర్గెన్ ఇంకా చిన్నది, సుమారు 2.01 ఎకరాలు, అక్కడ రూడెకి (రూడ్‌కి డచ్ పేరు) 13 అడుగులైనా ఆ అడుగే పొట్టిది. సౌత్ ఆఫ్రికా కాగితమైతే 2.11654 మాత్రమే వాడండి.

స్కెచ్ మీద కొలతలు వేసి చూస్తే విస్తీర్ణం తగ్గుతోంది

మోర్గెన్లున్న సౌత్ ఆఫ్రికా కాగితాల పొలం స్కెచ్‌లో రాసింది కేప్ అడుగులు. ఒక కేప్ అడుగు 1.033 ఇంగ్లీష్ అడుగులు. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే విస్తీర్ణాన్ని కూడా 1.033తోనే గుణిస్తారు, పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి కాబట్టి 1.0671తో గుణించాలి. 100 బై 50 ప్లాట్ 5335 చదరపు అడుగులు అవుతుంది, 5165 కాదు.

నెదర్లాండ్స్ కాగితం, మోర్గెనే లేదు, బుండర్ అని ఉంది

ఇది నాకు చాలా ఇష్టమైన చిక్కు. 1820లో అక్కడ మెట్రిక్ అమల్లోకి వచ్చింది, కానీ జనం కంగారు పడకుండా కొత్త కొలతలకి పాత పేర్లే పెట్టారు. మీటర్ ఎల్ అయింది, హెక్టార్ బుండర్ అయింది, వంద చదరపు మీటర్లు చదరపు రూడె. పాత రైన్‌లాండ్ చదరపు రూడె మాత్రం 14.19 చదరపు మీటర్లే. 1832 నాటి కడాస్టర్ (భూముల సర్వే) రికార్డులో 2 బుండర్ 35 రూడె 40 ఎల్ (ఇక్కడ చదరపు ఎల్, అంటే చదరపు మీటర్) ఉంటే నేరుగా 2.3540 హెక్టార్లు, అంటే 5.82 ఎకరాలు. ఆ 35ని పాత రూడె అనుకుంటే 74 సెంట్లు మాయం. 1820కి ముందు కాగితమైతే మాత్రం బుండర్ ఊరికో సైజు, ఆ ప్రాంతం కొలత పట్టుకోవాల్సిందే.

జావా (ఇండోనేషియా) వైపు కాగితాల్లో బౌ అనే కొలత కనిపిస్తే అది 500 రైన్‌లాండ్ చదరపు రూడెలు, 1.75 ఎకరాలు, దాన్ని మోర్గెన్ అనుకోవద్దు.

లెక్క అయ్యాక ఒకసారి వెనక్కి వెయ్యండి: ఎకరాలని 2.471తో భాగిస్తే హెక్టార్లు, కేప్ మోర్గెన్లని 0.856532తో గుణించినా హెక్టార్లే. మన 12 మోర్గెన్ 347 రూడ్లకి రెండు దారుల్లోనూ 10.77 వస్తుంది. రాకపోతే మళ్ళీ ఆ రూడ్ల దగ్గరికే వెళ్ళి చూడండి.