నేలకు జాలి ఉండదు తమ్మీ

మొన్న దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఇక్కడ అమెరికాలో దిగాడు. నాలుగు రోజులు కాలేదు, కింది అపార్ట్‌మెంట్ ఆమె వచ్చి తలుపు కొట్టింది. వాళ్ల బాత్రూం సీలింగ్ మీద తాంబాళమంత మరక. మనవాడు టబ్ బయట బకెట్ పెట్టుకుని మగ్గుతో తానం చేశాడు. నవ్వబోయి ఆగిపోయాను. నా మొదటి నెలలో నేనూ ఇదే పని చేసి డిపాజిట్‌లో కొంత పోగొట్టుకున్నవాణ్నే.

మన దగ్గర బాత్రూం అంటే బండలు, ఒక మూలకు వాలు, ఆ మూలన జాలి. ఎన్ని నీళ్లు పారబోసినా మోరీలోకే. ఇక్కడ చాలా ఇళ్లు చెక్కతో కట్టినవి, బాత్రూం నేలకు మామూలుగా జాలే ఉండదు. టైల్స్ చూసి మోసపోకండి. వాటి కింద ప్లైవుడ్, దాని కింద ఇంకొకరి సీలింగ్. తడవాల్సింది టబ్ ఒక్కటే. కర్టెన్‌కు రెండు పొరలుంటే ప్లాస్టిక్‌ది టబ్ లోపలికి, గుడ్డది బయటికి వేయాలి. చూడ్డానికి బాగుంటుందని నేను రెండూ బయటికే వేలాడదీసేవాణ్ని! ప్లాస్టిక్ అంచులు తడిపి గోడకు అతికించండి. టబ్‌లోనే ఒళ్లు తుడుచుకుని బయటికి రండి. బకెట్ తానం మానమని ఎవరన్నారు? బకెట్ కూడా టబ్‌లోనే పెట్టుకోండి.

నల్లా తిప్పితే నీళ్లు కిందనుంచే వస్తాయి. ఆ నల్లా మీదున్న చిన్న పిడి పైకి లాగితే షవర్ వస్తుంది. దీనికి నాకు అర్ధరాత్రి ఫోన్లు చేయకండి. గీజర్ స్విచ్ కోసం వెతక్కండి, ఎక్కడో అల్మారాలో 150 లీటర్లో 190 లీటర్లో పట్టే ట్యాంకు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. నలుగురు వరసగా చేస్తే నాలుగోవాడికి చన్నీళ్లే. ముందు చెయ్యి పెట్టి చూసి తర్వాత తల పెట్టండి.

కమోడ్‌లో నీళ్లు పైకి లేస్తుంటే రెండోసారి ఫ్లష్ నొక్కొద్దు. నొక్కొద్దంటే నొక్కొద్దు. వెనక గోడ దగ్గర చిన్న వాల్వ్ ఉంటుంది, కుడివైపు తిప్పి కట్టేయండి. రైస్ కుక్కర్‌కంటే ముందు ప్లంజర్ కొనండి, అదే కమోడ్ పూడిక తీసే రబ్బరు కప్పు కర్ర. షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోతే భయమెందుకు, నల్లగొండ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం! కవర్లో తెల్ల వెనిగర్ పోసి, షవర్ తల మునిగేలా రాత్రంతా కట్టి ఉంచితే చాలు.

ఇంతా తిట్టాను గానీ, మరక సంగతి ఆరోజే అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్పించాను. మెయింటెనెన్స్ అతను వచ్చి, టబ్ అంచున సందు మూసే సిలికాన్ ఊడితే కొత్తది పట్టించి, ఆరాక సీలింగ్‌కు రంగేస్తానన్నాడు. పైసా అడగలేదు. నేను అప్పట్లో భయపడి మూడు వారాలు దాచాను కాబట్టే నాకు డబ్బులు పోయాయి. తమ్ముడు నిన్న ఫోన్ చేసి, టబ్‌లో పీట వేసుకోవచ్చా అన్నా అని అడిగాడు. రబ్బరు కాళ్లది వేసుకో అన్నాను.