అలమర తలుపు వేలాడుతోందా? స్క్రూ కంటే ముందు బెజ్జం చూడండి

"తలుపు పడిపోతా ఉంది, కాస్త బిగించు మేస్త్రీ" అంటాం. ఆయన బిగించి వెళ్తాడు. నెల తిరక్కుండా అదే తలుపు, అదే బందు (హింజ్). వదులైంది స్క్రూ కాదు, దాన్ని పట్టుకోవాల్సిన చెక్క.

అందుకే ముందు చిన్న పరీక్ష. తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని మెల్లగా పైకి ఎత్తండి. పై బందు దగ్గర కదలిక కనిపిస్తే తప్పు బందు పట్టులోనే. కదలిక లేకుండా తలుపు రాసుకుంటుంటే కారణం వేరే.

సమస్య: స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు

బెజ్జం అరిగిపోయింది. చాలా ఇళ్లల్లో ఇది బిగించిన రోజే మొదలవుతుంది. పని త్వరగా తెమలాలని స్క్రూను సుత్తితో ముప్పావు వంతు దిగ్గొట్టి, చివర రెండు చుట్లు తిప్పుతారు. అలా కొడితే మర చెక్కలో పట్టు చేసుకోదు, నారను చీల్చేస్తుంది. మీ కళ్లముందు ఎవరైనా అలా కొడుతుంటే మొహమాటపడకుండా ఆపండి.

పరిష్కారం: తలుపు కింద మడిచిన అట్టముక్కలు దూర్చి బరువు వాటి మీద ఆనేలా చేయండి. ఇది మానేస్తే, ఒక స్క్రూ తీయగానే మిగతావి కూడా ఊడొస్తాయి. బెజ్జంలో పొడి దులిపి, వెదురు పుల్లలు గానీ టూత్‌పిక్‌లు గానీ ఫెవికాల్‌లో ముంచి, ఇక దూరవు అనేంత వరకు దిగ్గొట్టండి. అగ్గిపుల్లలు మెత్తన, తేలికపాటి తలుపులకే వాడండి. వంటింట్లో, బాత్రూమ్ పక్కన అయితే నీటికి తట్టుకునే మెరైన్ రకం జిగురు మేలు. రాత్రంతా ఆరనిచ్చి, పైకి తేలిన పుల్లలను బ్లేడుతో కోసేయండి. సన్న మేకుతో మధ్యలో చిన్న గుంట చేసి, స్క్రూకు కొవ్వొత్తి మైనం రాసి, చేత్తోనే తిప్పండి. డ్రిల్ మెషీన్‌తో బిగిస్తే ఆఖరి చుట్టులో మళ్లీ చీలిపోతుంది.

"ఇంకాస్త లావు స్క్రూ వేస్తే పోదా?" అని అడుగుతారు. దాని తల బందు గుంటలో పూర్తిగా కూర్చోదు. అప్పుడు బందు మూసుకోక, తలుపు వేసిన ప్రతిసారీ స్క్రూను బయటికి లాగుతుంది. పొడుగుది మందపాటి టేకు చెక్కలో పర్వాలేదు. 18 మి.మీ. ప్లైవుడ్‌కి మాత్రం 16 మి.మీ. దాటకండి, మొన అవతలికి తేలుతుంది.

రెడీమేడ్ టీవీ యూనిట్ల పొట్టు బోర్డు (పార్టికల్ బోర్డు) సంగతి వేరు. నీళ్లు తగిలి ఉబ్బితే లోపల పొడే మిగులుతుంది, పుల్లలు ఎక్కువ కాలం ఆగవు. చుట్టూ బోర్డు గట్టిగా ఉంటే వెడల్పాటి స్టీలు రిపేర్ ప్లేటు వేసి దాని మీద హింజ్ బిగించవచ్చు. బోర్డే ఉబ్బిపోయి ఉంటే ఆ తలుపు మీద ఇంక డబ్బు పెట్టకండి.

సమస్య: స్క్రూలన్నీ గట్టిగానే ఉన్నాయి, తలుపు రాసుకుంటోంది

ఆటో హింజ్ (తలుపు లోపలివైపు ఉండే స్ప్రింగు బందు) అయితే అది సర్దుబాటు వ్యవహారం. హింజ్ చేతి మీద సాధారణంగా రెండు స్క్రూలుంటాయి. ముందుది తలుపును పక్కకు జరుపుతుంది, వెనకది లోపలికీ బయటికీ. ఒక్కసారికి అర చుట్టు తిప్పి చూసుకోండి.

గట్టి చెక్క తలుపైతే క్యాలెండర్ చూడండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలిలో తేమ పీల్చి చెక్క ఉబ్బుతుంది. నవంబరులో చిత్రిక పట్టిస్తే ఏప్రిల్ ఎండలకు వేలు దూరేంత సందు పడుతుంది. అంచుకు మైనం రాసి సంక్రాంతి దాటేదాకా ఓపిక పట్టండి. అప్పటికీ రాసుకుంటే చిత్రిక మాట ఆలోచించవచ్చు.

సమస్య: బందు చుట్టూ ఎర్రటి మరక, స్క్రూ తల రాలిపోతోంది

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లల్లో ఉప్పుగాలి చేసే పని ఇది. తుప్పు ఉబ్బి చుట్టూ ఉన్న చెక్కను కూడా పాడుచేస్తుంది. నూనె రాయడం కిర్రుమనే చప్పుడుకే మందు, దీనికి కాదు. బందూ స్క్రూలూ రెండూ స్టెయిన్‌లెస్ స్టీలువి మార్చండి, బందు ఒక్కటే మారిస్తే ఇనుప స్క్రూ ముందు పోతుంది. 304 రకం అడగండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి సరుకేనన్న మాట నమ్మకండి, 202 రకానికీ అంటుకోదు, అది ఉప్పుగాలికి త్వరగా లొంగిపోతుంది.

ఇనప బీరువా తలుపు కిందికి దిగి తాళం పడకపోతే బందుల జోలికి పోకముందు కాళ్లు చూడండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బీరువా ఒరిగి తలుపులు తప్పుతాయి. ఒక్కో కాలి కింద పలుచటి పలక పెట్టి తాళం తిప్పి చూడండి, ఎక్కడ పెడితే పడుతుందో తెలిసిపోతుంది. అట్టముక్క తేమకు నలిగిపోతుంది, గ్రానైట్ ముక్క పెట్టండి. చీమకుర్తి ఉన్న జిల్లాలో దానికి కొదవ లేదు.