అనంతపురం ఎండల్లో పగడాల తొట్టె: నీరు, వెలుతురు

అనంతపురంలో బోరు నీటిని కొన్నాళ్లు పట్టి ఉంచిన బిందెకు లోపల తెల్లటి పొర కడుతుంది. ఆ పొరకు కారణమైన లవణాలతో పాటు, ఈ జిల్లా భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. కాబట్టి ఇంట్లో సజీవ పగడాలను పెంచే ఉప్పునీటి తొట్టె కోసం సముద్రపు ఉప్పు కలపడానికి ఆ నీరు పనికిరాదు. 20 లీటర్ల క్యాన్ నీరు చాలునని కొందరు అనుకుంటారు గానీ, అందులోనూ కొంత లవణం మిగిలే ఉంటుంది. ఆర్వో యంత్రానికి, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ జతచేసి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీటినే వాడాలి. అందులో పగడాల తొట్టెలకని అమ్మే ఉప్పును కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పు) వచ్చేలా సరిచూసుకోవాలి. తొట్టెలో రాళ్లు అమర్చిన తరువాత, ప్రాణులకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరేదాకా ఏ ప్రాణినీ వేయకూడదు. ఇందుకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది.

మన ప్రాంతంలో అసలు పరీక్ష ఎండాకాలంలో మొదలవుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం తొట్టెలోనే ఉండిపోతుంది. 100 లీటర్ల తొట్టెలో 2 లీటర్లు తగ్గితే ఉప్పదనం 35.7 అవుతుంది, 6 లీటర్లు తగ్గే వరకు పట్టించుకోకపోతే 37 దాటుతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీటినే పోయాలి. ఉప్పునీరు పోస్తే తొట్టె రోజురోజుకూ మరింత ఉప్పగా మారుతుంది. అద్దం మీద ఒక గీత గీసి ఉదయం, సాయంత్రం నీటిని ఆ గీతకు తేవడం అన్నిటికంటే విలువైన అలవాటని నా అభిప్రాయం. నీటి ఉష్ణోగ్రత 25–27 డిగ్రీల మధ్య ఉండాలి. గాలి పొడిగా ఉండే మన ఊళ్లో నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అయితే నీరు ఇంకా త్వరగా ఆవిరవుతుంది. మే నెలలో గది బాగా వేడెక్కే ఇళ్లలో ఫ్యాను ఒక్కటే చాలదు, నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రం గానీ ఏసీ గానీ తప్పదు. తలుపులన్నీ మూసి ఏసీ నడిపే గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) తగ్గుతుంది. అప్పుడు మందులు కలపడం కంటే కిటికీ కాసేపు తెరవడం మేలు.

క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తిని, వారానికొకసారి కొలిచి 8–9 డీకేహెచ్ (క్షారతకు కొలమానం) దగ్గర నిలపాలి. తగ్గితే, 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడాను ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీటిలో కరిగించి మెల్లగా పోస్తే సుమారు 1 డీకేహెచ్ పెరుగుతుంది. ఒక్కరోజులో అంతకు మించి పెంచకూడదు. బేకింగ్ పౌడరు వాడకూడదు, అది వేరే పదార్థం. కాల్షియం 400–450, మెగ్నీషియం 1250–1350 పీపీఎం (పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలు) ఉండాలి. మెత్తని పగడాలు మాత్రమే ఉన్న తొట్టెకు వారానికి పదోవంతు నీరు మార్చడమే సాధారణంగా సరిపోతుంది. గట్టి సున్నపు అస్థిపంజరం ఉండే రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది కనుక వాటిని మన సముద్రం నుండి ఎన్నడూ తీసుకురాకూడదు.

ఇక వెలుతురు. పగడాల కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు (నాచు జాతి జీవులు) ఆహారం తయారుచేసి పగడాలకు అందిస్తాయి. వాటికి నీలికాంతి ముఖ్యం. ఎల్ఈడీ దీపాన్ని పావువంతు తీవ్రతతో మొదలుపెట్టి వారాల మీద పెంచుతూ, టైమరు పెట్టి రోజుకు 8 గంటలు వెలిగించాలి. కిటికీ ఎండ తగలనివ్వకూడదు, ఎండకు నీరు వేడెక్కి నాచు పెరుగుతుంది. పగడం తెల్లబారుతుంటే ముందుగా వేడిని, ఉప్పదనాన్ని పరీక్షించి, అవి సరిగా ఉంటే వెలుతురు తగ్గించాలి. గోధుమరంగుకు తిరిగితే తరచుగా వెలుతురు చాలడం లేదని అర్థం. ఏ మార్పు చేసినా కనీసం పది రోజులు గమనించి, ఆ తరువాతే మరో మార్పు చేయాలి.